మట్టికోట పక్కన స్తూపం

గోదావరి గట్టున మన చరిత్ర – 4వ భాగం

కిందటి భాగంలో బావరిని బాదనకుర్తి లంకలో వదిలిపెట్టి వచ్చాం. కోసల నుంచి దక్షిణాపథానికి వచ్చి, అస్సక రాజ్యంలో గోదావరి ఒడ్డున ఆశ్రమం వేసుకున్న ఆ ముసలి పండితుడు ఉన్నదంతా ఊడ్చిపెట్టి మహాయజ్ఞం చేశాడు. యజ్ఞం ముగిసీ ముగియకముందే ఇంకో బ్రాహ్మణుడు వచ్చి ఐదు వందలు ఇమ్మన్నాడు. లేవన్నందుకు తల ఏడు చెక్కలవుతుందని శపించాడు. బెంగపడ్డ బావరి తన పదహారు మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడు. వాళ్లు ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి మీదుగా నడిచి నడిచి రాజగృహం దగ్గర ఆయనను కలిశారు. చూపు మందగించిన పింగియుడు తిరిగి వచ్చి, విన్నదంతా గురువుకు చెప్పాడు. సుత్తనిపాతం చెప్పే ఈ కథలోని ఆశ్రమం బాదనకుర్తే అని మనవైపు పరిశోధకులు చాలామంది నమ్ముతారు. జగిత్యాల జిల్లా అంచున నిలబడి చూస్తే ఆ లంక గోదావరి అవతలి పాయకు ఆనుకుని కనిపిస్తుంది.

పింగియుడు తెచ్చింది మాట. ఆ మాట రాయిగా, ఇటుకగా మారడానికి రెండు మూడు వందల ఏళ్లు పట్టింది. ఈ భాగం ఆ రాళ్ల గురించి, వాటి పక్కనే లేచిన మట్టికోటల గురించి.

బౌద్ధారామం అనగానే మన కళ్ల ముందు కొండ నిలబడుతుంది. లడాఖ్‌లో కొండ కొమ్ములకు అతుక్కుని కోటల్లా కనిపించే గొంపాల ఫొటోలు చూసి చూసి అలా అలవాటైంది. గాంధారంలో, అంటే ఇప్పటి పాకిస్తాన్‌లో, తఖ్త్-ఇ-బాహీ ఆరామం కూడా కొండ మీదిదే. దాని సమీపంలోనే సహ్ర్-ఇ-బహ్లోల్ అనే చిన్న కోట పట్టణం ఉంది. ఆ రెండింటినీ కలిపే యునెస్కో 1980లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన దగ్గర విశాఖ పక్కన తొట్లకొండ, బావికొండ ఉన్నాయి. సూర్యాపేట వైపు ఫణిగిరి ఉంది. అన్నీ కొండలే.

మరి సిరిసిల్ల నుంచి కోరుట్ల, జగిత్యాల మీదుగా ధర్మపురి దాకా పోతే రోడ్డుకు అటూ ఇటూ గుట్టలకు కొదవా? ఆ గుట్టలు ఎక్కినవాళ్లు ఉన్నారు. కానీ వాళ్లు జైన మునులు. కోటిలింగాల దగ్గరి మునులగుట్ట పేరే ఆ సంగతి చెబుతుంది. బౌద్ధ భిక్షువులు మాత్రం ఇక్కడ గుట్ట దిగువనే, చేల మధ్యనే ఆగారు. వాళ్లకు కొండ చేసే పని ఈ సీమలో మట్టికోట చేసి పెట్టింది.

ముందు కోటల సంగతి చూద్దాం.

చంద్రగుప్త మౌర్యుడి కొలువులో ఉన్న గ్రీకు రాయబారి మెగస్తనీసు మాటల ఆధారంగా అని చెప్పే ఒక లెక్కను రోమన్ రచయిత ప్లినీ తన గ్రంథంలో ఎక్కించాడు. ఆంధ్రులకు ప్రాకారాలున్న పట్టణాలు 30, కాల్బలం 1,00,000, గుర్రాలు 2,000, ఏనుగులు 1,000 అని ఆ లెక్క. బలగం సంఖ్యలను రాయబారులు ఎప్పుడూ కొంత పెంచే చెబుతారు, వాటి మీద ప్రమాణం చేయలేం. కానీ 30 పట్టణాల మాట ఉత్తది కాదని 1970ల తవ్వకాల తర్వాత నమ్మకం కుదిరింది. ఠాకూర్ రాజారాం సింగ్ లాంటివాళ్లు పొలాల వెంట తిరిగి గుర్తుపెట్టిన దిబ్బలను అప్పటి ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖ వి.వి. కృష్ణశాస్త్రి నాయకత్వంలో తవ్వింది. పెద్దబొంకూరు, ధూళికట్ట, ఆ తర్వాత కోటిలింగాల. మూడూ ఒకప్పటి కరీంనగర్ జిల్లావే. ఇప్పుడు కోటిలింగాల జగిత్యాల జిల్లాలోకి, మిగతా రెండూ పెద్దపల్లి జిల్లాలోకి వెళ్లాయి.

కోటిలింగాల వెల్గటూరు మండలంలో, పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉంది. రెండు పక్కల నీళ్లు, మిగతా దిక్కుల మట్టి కట్ట, మూలల్లో బురుజులు. ఇంతకన్నా తెలివైన చోటు ఎవరు వెతికినా దొరకదు. రేవు దాటే ప్రతి బండీ ఆ గోడ కింది నుంచే పోవాలి, అంటే సుంకం కట్టే పోవాలి. ఇక్కడి పాటిగడ్డ మీద వాన వెలిసిన మర్నాడు జనం నాణేలు ఏరుకునేవాళ్లు. మనవైపు రైతులకు పాటిమన్ను విలువ తెలుసు, పాత ఊరి దిబ్బ మన్ను చేలో చల్లితే ఎరువు అక్కర్లేదంటారు. ఆ మన్ను బండ్లకు ఎత్తుతుంటే పెంకులతో పాటు రాగి బిళ్లలు కూడా వచ్చేవి. ధర్మపురి ప్రాంతానికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ వాటిని ఓపిగ్గా సేకరించారు. శాసన పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివారు. చదివితే ఏం తేలింది? చరిత్ర పుస్తకాల్లో లేని రాజులు ఒక్కొక్కరే లేచి వచ్చారు. గోభద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప. వాళ్లతో పాటే ఛిముక, అంటే పురాణాలు శాతవాహన వంశానికి మూలపురుషుడని చెప్పే సిముకుడు.

దీంతో పాత తగాదా మళ్లీ రాజుకుంది. శాతవాహనులు ఎక్కడివాళ్లు? పైఠాన్, నానేఘాట్ శాసనాలను చూపి మహారాష్ట్ర మావాళ్లే అంటుంది. బళ్లారి వైపు శాతవాహనిహార అన్న పేరు శాసనాల్లో ఉంది కాబట్టి వాళ్ల పుట్టిల్లు అదేనని పండితుడు సుక్తంకర్ వాదించాడు. సిముకుడి నాణేలు దొరికింది కోటిలింగాలలో, అతనికి ముందున్న రాజుల నాణేలూ అక్కడే దొరికాయి, కాబట్టి తొలి కొలువు ఇదేనని మనవాళ్లు పట్టుబట్టారు. పుట్టుక ఎక్కడన్నది అలా ఉంచితే, నాణేలు చెప్పే ఇంకో కథ నాకు ఎక్కువ ఆసక్తి. సమగోపుడి వెంటనే సిముకుడు వచ్చాడని నాణేల పండితులు అంచనా వేస్తారు. ఒక రేవు, ఒక కోట, దాని మీద కన్నేసిన చిన్న చిన్న దొరలు. అందులో ఒకడు మిగతావాళ్లను మింగి పెద్దవాడయ్యాడు. సామ్రాజ్యాలు చాలావరకు ఇట్లా సుంకం చావడిలోనే పుడతాయి.

పక్క రాజ్యాల పోటీ కూడా తక్కువేం కాదు. కళింగ ఖారవేలుడు తన హాతిగుంఫా శాసనంలో, శాతవాహన రాజు శాతకర్ణిని లెక్కచేయకుండా పడమటికి సేనను పంపానని గొప్పగా చెక్కించుకున్నాడు. తూర్పు నుంచి అలాంటి సేన ఎప్పుడు దిగుతుందో తెలియని కాలంలో, ధాన్యం కొట్లూ ఇనుప కొలుములూ ఉన్న ఊరు గోడ లేకుండా నిద్రపోలేదు.

ఇనుము అన్నాను కదా. ఈ నేల సిరికి అసలు కారణం అదే. కోరుట్ల దాటి మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు వైపు పోతుంటే కోనసముద్రం చాయలకు చేరతాం. మధ్యయుగాల్లో పర్షియా వర్తకులు ఉక్కు ముద్దల కోసం వెతుక్కుంటూ వచ్చిన ఊరు అది. ఆ పేరు శాతవాహనుల కాలానిది కాకపోయినా, రాయి కరిగించి ఇనుము తీసే విద్య ఈ సీమలో అంతకు వెయ్యేళ్ల ముందే ఉంది. నాగలి కర్రు, గొడ్డలి, బాణపు ములికి. అడవి కొట్టడానికీ, చేను దున్నడానికీ, చేను కాచుకోవడానికీ అన్నింటికీ అదే. ఇనుముతో మిగులు ధాన్యం వచ్చింది, మిగులుతో బేరం వచ్చింది, బేరంతో బాట వచ్చింది. పడమట భరుకచ్ఛం రేవు నుంచి పైఠాన్‌కు 20 రోజుల ప్రయాణమనీ, అక్కడి నుంచి తూర్పున తగరకు 10 రోజులనీ ఒక గ్రీకు నావికుడి గ్రంథం చెబుతుంది. ఆ బాట మరింత తూర్పుకు సాగితే మన గోదావరి రేవులు, వాటి దిగువన ధూళికట్ట, పెద్దబొంకూరు తగులుతాయి. పొట్ట చేతపట్టుకుని కోరుట్ల, సిరిసిల్ల పిల్లలు ఇవాళ దుబాయి, మస్కట్ పోతున్నారు. వాళ్లు దాటే అరేబియా సముద్రం మీదుగానే రెండు వేల ఏళ్ల కింద రోము వెండి ఇటు వచ్చింది.

ఇక ధూళికట్టకు పోదాం. కోటిలింగాల నుంచి ఎడ్లబండి మీద రోజున్నర, రెండు రోజుల దారి. ఎలిగేడు మండలంలో, హుస్సేన్‌మియా వాగు ఒడ్డున చేల మధ్య ఎత్తుగా లేచిన దిబ్బ. కొత్తగా వచ్చినవాళ్లు కోట అంటే రాతి బురుజులు ఆశించి నిరాశ పడతారు. ఇది మట్టికోట. చుట్టూ అగడ్త తవ్వారు, తవ్విన మట్టినే లోపలి వైపు కట్టగా పోశారు. ఒక పనికి రెండు ఫలితాలు. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. లోపల ఇటుక కట్టడాలు, ధాన్యాగారాలు, బావులు బయటపడ్డాయి. దున్నిన చాలులో ఇప్పటికీ ఎర్ర పెంకు, నల్ల పెంకు కాలికి తగులుతుంది.

లోపల బతుకు ఎలా ఉండేదో తవ్వకంలో దొరికిన వస్తువులను బట్టి కొంత ఊహించవచ్చు. పెద్ద పెద్ద ఇటుకల గోడలు, మట్టి పెంకుల కప్పు, వాకిట్లో మట్టి ఒరలు దించిన బావి, మూలన గాదె. పూసలు గుచ్చేవాళ్లు, కుమ్మరులు, కమ్మరులు, నాణెం రంగు చూసి అసలో నకిలీయో చెప్పే వర్తకులు. వానాకాలం తప్ప మిగతా ఎనిమిది నెలలూ ద్వారం దగ్గర బండ్ల వరస.

స్తూపం ఈ గోడ లోపల లేదు. కోటకు కాస్త ఎడంగా, వడ్కాపూర్ వైపు ఉంది. ఇది యాదృచ్ఛికం కాదు. భిక్షువులు ఉండే చోటు ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గర కాకూడదు అన్నది వినయపిటకంలో కనిపించే కొలత. పగలు జనం రావడానికి వీలుండాలి, రాత్రి ఊరి సందడి వినపడకూడదు. భిక్షువు వండుకోడు, దాచుకోడు. పొద్దు నడినెత్తికి రాకముందే భిక్ష తెచ్చుకుని తినేయాలి. అందువల్ల రోజూ కోట ద్వారం దాకా నడవాల్సిందే. కొండ మీద ఆరామం కట్టుకున్నవాడికి కూడా ఈ తిప్పలు తప్పవు, దిగి మళ్లీ ఎక్కాలి. ఇక్కడివాళ్లు ఆ కష్టం లేకుండా, గోడ ఇచ్చే ధైర్యాన్ని మాత్రం వాడుకున్నారు. వాగు అవతల దొంగల గుంపు కనిపిస్తే బురుజు మీది కావలివాడి కేక ఆరామం దాకా వినిపిస్తుంది.

వానాకాలపు విరామం కూడా ఇందులో కలిసి వచ్చిందని నా ఊహ. ఆషాఢ పున్నమి తర్వాత మూడు నెలలు భిక్షువులు ఊళ్లు తిరగకూడదు, ఒకచోటే వర్షావాసం ఉండాలి. సరిగ్గా అప్పుడే గోదావరి నిండుతుంది, వాగులు పొంగుతాయి, బండ్లు కదలవు. కదలలేని వర్తకుడు, కదలకూడని భిక్షువు ఒకే ఊళ్లో చిక్కుకుంటారు. చేతిలో పని లేని ఆ సాయంత్రాల్లో విన్న మాటలకు ఆశ్వయుజం దాటాక చీవరాలు, దానాలు బదులు వచ్చేవి.

ఈ స్తూపం ఎవరు కట్టించారు? బళ్లో చదువుకున్న అలవాటుతో ఏదో రాజు పేరు వెతుకుతాం. ధూళికట్ట పలకల మీద బ్రాహ్మీ లిపిలో చెక్కిన దాతల మాటల్లో కనిపించేది గహపతి, అంటే ఇల్లూ పొలమూ ఉన్న గృహస్థు. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దం నాటి లిపి అది. అదే కాలపు రాజకుటుంబం ఏం చేస్తోందో నానేఘాట్‌లో శాతవాహన రాణి నాగనిక వేయించిన శాసనం చెబుతుంది. అశ్వమేధం, రాజసూయం, ఇంకా ఎన్నో యజ్ఞాలు, వాటికి వేల ఆవులు, గుర్రాలు, ఏనుగులు, కార్షాపణాలు దక్షిణ. రాజు సొమ్ము హోమగుండం వైపు పోయింది, గృహస్థు సొమ్ము స్తూపం వైపు వచ్చింది. బావరి కథ మళ్లీ గుర్తు చేసుకోండి. ఒక్క యజ్ఞంతో ఆ పెద్దమనిషి ఐదు వందలు లేనివాడయ్యాడు. కమ్మరికీ, పూసల వర్తకుడికీ అంత స్తోమత ఎక్కడిది? స్తూపంలో ఒక పలక చేయించవచ్చు, ఒక ఇటుక వరస పెట్టించవచ్చు, పేరు చెక్కించుకోవచ్చు. పైగా ఏ కులంవాడని అడిగేవాళ్లు లేరు, సముద్రం దాటావా అని వెలివేసేవాళ్లు లేరు. బేరగాళ్లు బౌద్ధం వైపు ఎందుకు మొగ్గారన్న ప్రశ్నకు నాకు ఇంతకన్నా పెద్ద సమాధానం అక్కర్లేదనిపిస్తుంది.

స్తూపం గుండ్రని ఇటుక దిమ్మె. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలు. దిమ్మె చుట్టూ సున్నపురాతి పలకలు. సున్నపురాయి ఈ నేలకు కొత్త కాదు, ఆ పక్కనే బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ బతుకుతున్నది దాని మీదే. పలకల మీద ఎక్కడా బుద్ధుడి ముఖం కనిపించదు. ఆయన ఉన్నాడని చెప్పడానికి పాదుకలు, ఖాళీ ఆసనం, గొడుగు, ధర్మచక్రం చాలనుకున్న కాలం అది. అమరావతిలో బుద్ధుడికి రూపం రావడానికి ఇంకా చాలా తరాలు ఉన్నాయి.

వాటిలో ముచిలింద నాగం పలకను తప్పక చూడాలి. ధూళికట్ట శిల్పాలు కొన్ని కరీంనగర్‌లోని గాంధీ శతజయంతి మ్యూజియంలో ఉన్నాయి. బుద్ధుడికి జ్ఞానం కలిగిన తర్వాత ఏడు రోజులు ఎడతెగని గాలివాన పట్టిందనీ, నాగరాజు ముచిలిందుడు ఆయన చుట్టూ చుట్టుకుని పడగ పట్టాడనీ కథ. ఇక్కడి శిల్పి ఆ కథలోంచి మనిషిని తీసేసి పామును మాత్రం చెక్కాడు. కింద చుట్టకుదురులా ఒకదాని మీద ఒకటి పేర్చిన చుట్టలు, వాటి మీంచి నిటారుగా లేచిన ఒళ్లు, విప్పిన ఐదు పడగలు. లోతుగా చెక్కలేదు. రాతి మీద తేలిగ్గా లేచిన పని, కానీ చుట్టల బరువు కిందికి దిగుతున్నట్టే ఉంటుంది. పడగ కింద ఎవరున్నారో చూసేవాడే ఊహించుకోవాలి.

ఎన్ని బౌద్ధ కథలుండగా ఇదే ఎందుకు? మనవైపు ఏ ఊరికి పోయినా రావిచెట్టు కింద నాగశిలలు ఉంటాయి. నాగుల చవితికో పంచమికో పుట్టలో పాలు పోయని ఇల్లు ఉండదు. ఈ మొక్కు బుద్ధుడికన్నా పాతదని చరిత్రకారులు చాలామంది ఒప్పుకుంటారు. కొత్తగా వచ్చిన భిక్షువు, మీ నాగన్ననే మా గురువుకు పడగ పట్టాడు అన్నాడంటే, వినే గృహస్థు పాత దేవుణ్ణి వదులుకోనవసరం లేదు. ధూళికట్ట శిల్పి ఆ సంగతి పట్టుకున్నాడు.

కోటిలింగాల దగ్గర కూడా పాషిగాం వద్ద స్తూపం ఆనవాళ్లు దొరికాయి. అక్కడా అదే వరస, ఒకచోట కోట, కాస్త దూరంలో స్తూపం. అయితే అదే చుట్టుపక్కల మునులగుట్ట మీద జైనులు తపస్సు చేసుకున్నారు. సిముకుడు మొదట జినాలయాలు కట్టించాడనీ, చివరికి దుర్మార్గుడై పదవి పోగొట్టుకున్నాడనీ జైన గాథలు చెబుతాయి. మన మతం వదిలేసినవాణ్ణి మనం దుర్మార్గుడనడం లోకసహజం, దాన్ని అంతవరకే తీసుకోవాలి. యజ్ఞాలు చేసే రాజు, స్తూపం కట్టే కోమటి, గుట్టెక్కిన ముని ఒకే రేవు నీళ్లు తాగారన్నది మాత్రం నిజం. వీళ్ల మధ్య పోటీ ఉండే ఉంటుంది. ఆ పోటీ దానం ఇచ్చే చేతుల కోసం.

కోటకూ స్తూపానికీ ముడి ఎంత గట్టిదో చివరి రోజులు చూస్తే తెలుస్తుంది. ధూళికట్ట క్రీస్తు శకం 2వ శతాబ్దం దాటి ఎక్కువ కాలం నిలవలేదు. కోట ఖాళీ అయ్యాక స్తూపాన్ని పెంచినవాళ్లు లేరు, కొత్త పద్ధతిలో బుద్ధవిగ్రహం తెచ్చి నిలిపినవాళ్లూ లేరు. కొండ మీది ఫణిగిరి అలా కాదు. శాతవాహనులు పోయాక ఇక్ష్వాకుల కాలంలోనూ అక్కడ శిల్పం సాగింది, ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరం నాటి శాసనం అక్కడ దొరికింది. చదునులో కోటను నమ్ముకున్న ఆరామం కోటతో పాటే పోయింది.

ఇప్పుడు చూడబోయేవాళ్లకు ఒక మాట. కోటిలింగాలలో పాత పట్టణపు భూములు కొంతవరకు శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ల కిందికి పోయాయి. కోటేశ్వరస్వామి గుడికి వచ్చే భక్తులు స్నానం చేసే నీళ్ల అడుగున శాతవాహనుల ఇటుకలున్నాయని చెప్పే బోర్డు ఎంత పెద్దది పెట్టినా తప్పులేదు. తవ్వింది కొంతే. తవ్వాల్సింది ఎంతో ఉండగానే నీళ్లు వచ్చాయి. సాగునీటికి నేను అడ్డు చెప్పను, ఈ జిల్లాలో నీటి కరువు తెలిసినవాడెవడూ చెప్పడు. కానీ నీళ్లు ఎప్పుడొస్తాయో ఏళ్ల ముందే తెలిసినప్పుడు పలుగూ పారా అంతకన్నా ముందు దిగాల్సింది. ధూళికట్టకు ఆ ముప్పు లేదు. పెద్దపల్లి, సుల్తానాబాద్ వైపు పోయేవాళ్లు ఒక పూట కేటాయిస్తే కోట దిబ్బ, స్తూపం రెండూ చూడవచ్చు. మ్యూజియం ముందు చూసి తర్వాత దిబ్బకు పోవడం మేలు, అక్కడ ఖాళీగా కనిపించే చోట ఏ పలక ఉండేదో మనసులో నిలుస్తుంది.

ఇంతవరకు గోడ ఉన్న ఊళ్లు చూశాం. వచ్చే భాగంలో అంతటి మట్టి గోడ చుట్టుకోకుండానే డబ్బు పోగేసిన పెద్దబొంకూరుకు పోదాం. అక్కడ కమ్మరి కొలిమి బయటపడింది, ఇటుక బావులు వరసగా బయటపడ్డాయి, ఒక్క కుండలోనే వేల నాణేలు దొరికాయి. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల ముఖాలున్న రోము వెండి కూడా దొరికింది. అంత సొమ్ము నేలలో దాచి, తిరిగి తవ్వుకోకుండా ఆ ఇంటివాళ్లు ఎటు పోయారు? గోదావరి రేవులో పెరిగిన శాతవాహనులు కొలువును పైఠాన్‌కు మార్చుకున్నాక ఈ ఊళ్ల గతి ఏమైంది? కొలిమి దగ్గర మొదలుపెట్టి ఆ లెక్క తేల్చుదాం.